రక్షణ తేదీ తర్వాత



మన సంఘాల్లో సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్ళు చాలామంది తేదీతో మొదలుపెడతారు. ఫలానా సంవత్సరం, ఫలానా ఊళ్ళో ఉజ్జీవ కూటాలు, మూడోరోజు రాత్రి వాక్యం వింటుండగా ప్రభువు నన్ను పట్టుకున్నాడు అంటారు. అంతకుముందు తాగేవాణ్ణి, ఆ రాత్రితో మానేశాను అంటారు. ఆడవాళ్ళ వరసలో భార్య కళ్ళు తుడుచుకుంటుంది. సంఘమంతా హల్లెలూయా అంటుంది. ఆ తేదీని నేను శంకించడం లేదు. తాగుడు మానేసిన ఇంట్లో వేళకు పొయ్యి వెలుగుతుంది, పిల్లలు బడికి వెళతారు. అది చిన్న సంగతి కాదు. కాకపోతే మన సాక్ష్యాలు అక్కడితో అయిపోతాయి. ఆ తేదీ తర్వాత పదేళ్ళో ఇరవై ఏళ్ళో ఆ మనిషి లోపల ఏం మారింది, ఏం మారకుండా ఉండిపోయింది అని మనం అడగం. వాళ్ళూ చెప్పరు.

ఇవాళ ఆ సంగతే మాట్లాడాలని నా ఉద్దేశం. అందుకు నేను ఎంచుకున్న మనిషి పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషువాడు, జాన్ న్యూటన్. ఆపిల్ పండు న్యూటన్ కాదు, ఆయన ఐజాక్. ఈయన 'అమేజింగ్ గ్రేస్' పాట రాసినాయన.

ఈ న్యూటన్ కథ ప్రసంగ వేదికల మీద ఒక తరహాలో వినిపిస్తూ ఉంటుంది. బానిసల్ని ఓడలో వేసుకుపోతున్న దుర్మార్గుడు. నడిసముద్రంలో తుపాను. మోకరించాడు. ఓడను వెనక్కి తిప్పాడు, బానిసల సంకెళ్ళు విప్పాడు, ఆ రాత్రే పాట రాశాడు. వినడానికి ఎంతో బాగుంటుంది. ఇందులో తుపాను నిజం, ప్రార్థన నిజం. మిగతాది తర్వాతి వాళ్ళు కలిపింది. జరిగిన కథ ఇంతకంటే ఇబ్బందికరమైనది. నాకైతే ఇంతకంటే ఉపయోగపడేది కూడా అదే.

న్యూటన్ 1725లో లండన్‌లో, థేమ్స్ ఒడ్డున వాపింగ్ అనే ఓడరేవు పేటలో పుట్టాడు. తండ్రి ఓడ కెప్టెన్, ఎప్పుడూ సముద్రం మీదే. తల్లి దైవభక్తి గల మనిషి. పిల్లవాడికి వాక్యాలు, కీర్తనలు కంఠతా నేర్పింది. వాడికి ఏడేళ్ళు నిండకముందే క్షయతో కన్నుమూసింది. పదకొండో ఏట తండ్రి వెంట ఓడ ఎక్కాడు. పద్దెనిమిదేళ్ళ వయసులో నౌకాదళం వాళ్ళు బలవంతంగా పట్టుకుపోయారు. పారిపోతే పట్టుకొచ్చి, అందరి ముందూ కొరడాలతో కొట్టి, ఉన్న హోదా ఊడబెరికారు. ఆ తర్వాత పడమటి ఆఫ్రికాలో, సియెరా లియోన్ తీరాన ఉన్న ప్లాంటెయిన్ దీవుల్లో, బానిసల వ్యాపారం చేసే ఒక తెల్లవాడి దగ్గర పనికి కుదిరాడు. పనికి కుదిరాడనే గాని అక్కడ ఆయన బతుకు బానిస బతుకే. జ్వరంతో పడి ఉంటే మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు. యజమాని ఇంటి ఆవిడ తాను తిన్నాక కంచంలో మిగిలింది పడేసేది.

ఆ రోజుల గురించి ఆయనే తర్వాత రాసుకున్న ఒక వివరం ఉంది. దాన్ని గుర్తుపెట్టుకోమని శ్రోతల్ని కోరుతున్నాను, మళ్ళీ దాని దగ్గరికి రావాల్సి ఉంది. ఆకలితో మాడుతున్న ఈ తెల్ల కుర్రాడికి, గొలుసులతో కట్టేసి ఉన్న ఆఫ్రికన్ బానిసలు తమకు పెట్టే పిడికెడులోంచే కొంత తీసి, ఎవరి కంటా పడకుండా తెచ్చి పెట్టారు. కనబడితే వాళ్ళ వీపు చిట్లుతుంది. అయినా పెట్టారు.

చివరికి తండ్రి స్నేహితుడైన ఒక లివర్‌పూల్ ఓడల యజమాని పంపిన గ్రేహౌండ్ అనే ఓడ ఆయన్ని ఎక్కించుకుంది. తిరుగు ప్రయాణంలో ఏమీ తోచక థామస్ ఎ కెంపిస్ రాసిన 'క్రీస్తును అనుసరించుట' తిరగేశాడు. ఇవన్నీ నిజమైతే నా గతేమిటి అన్న ఆలోచన ఒక్క క్షణం తగిలింది. పుస్తకం మూసేశాడు. 1748 మార్చి 10, మనం ఇప్పుడు వాడే క్యాలెండరు లెక్కకు మార్చి 21. నిద్రలో ఉండగా ఓడ మీద అల విరుచుకుపడింది, గదిలోకి నీళ్ళొచ్చాయి. పైకి పరిగెత్తబోతుంటే కెప్టెన్ కత్తి తెమ్మన్నాడు. కత్తి కోసం వెనక్కి తిరిగినంతలో, ఈయన బదులు పైకెక్కిన మనిషిని సముద్రం తీసుకుపోయింది. ఓడ ఒక పక్క చీలిపోయింది. అందులో ఉన్న సరుకు తేనెమైనం, తేలిక కలప కాబట్టి మునగలేదు. గంటల తరబడి నీళ్ళు తోడుతూ ఉండగా నోటివెంట అనుకోకుండా ఒక మాట వచ్చింది: దేవుడే కనికరించాలి అని. అని, తానే ఉలిక్కిపడ్డాడు. ఓడల్లో పనిచేసే మొరటు మనుషులే చెవులు మూసుకునేంతగా దేవుణ్ణి దూషించిన నోరు అది. నాలుగు వారాలు ఆకలితో కొట్టుకుపోయి, ఏప్రిల్‌లో ఐర్లండ్ తీరం చేరారు. అప్పుడాయనకు ఇరవై రెండేళ్ళు.

ఆ మార్చి 21ని జీవితాంతం ఏటా ప్రార్థనతో గుర్తుచేసుకున్నాడు. 1805లో, చెయ్యి సరిగ్గా కదలని ఎనభయ్యో ఏటి ముంగిట కూడా, ఆ తేదీన డైరీలో రెండు ముక్కలు రాశాడు. మన సాక్ష్యాల భాషలో చెప్పాలంటే అది ఆయన రక్షణ తేదీ.

ఆ తర్వాత ఏం చేశాడు? అదే ఏడాది బ్రౌన్‌లో అనే బానిసల ఓడలో మేట్‌గా, అంటే కెప్టెన్ తర్వాతి అధికారిగా చేరాడు. 1750లో పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఏడాదే కెప్టెన్ అయ్యాడు. 1750 నుంచి 1754 వరకు 'డ్యూక్ ఆఫ్ ఆర్గైల్', 'ఆఫ్రికన్' అనే ఓడల మీద మూడుసార్లు బానిసల్ని కొని అట్లాంటిక్ దాటించాడు.

ఒక్కసారి ఆ ఓడను ఊహించుకోండి. పైన డెక్ మీద ఆదివారం ఉదయం కెప్టెన్ నావికుల్ని కూర్చోబెట్టి ఆరాధన జరుపుతున్నాడు. ఆయన నోట బూతు లేదు, దూషణ లేదు. తీరిక వేళల్లో లాటిన్ చదువుకుంటున్నాడు. భార్యకు ప్రేమగా, దేవుడి మాటలతో నిండిన ఉత్తరాలు రాస్తున్నాడు. ఆయన కాళ్ళ కింద ఉన్న చెక్కల కింద మనుషులు. ఒకరి చేయి, కాలు పక్కవాడి చేతికీ కాలికీ కలిపి గొలుసు వేసి, అలమరలో పుస్తకాలు పేర్చినంత ఇరుకుగా పడుకోబెట్టిన మనుషులు. ఈ పుస్తకాల పోలిక ఆయనదే, ముసలితనంలో రాసింది. 1752 డిసెంబరులో తిరుగుబాటు జరగబోతోందన్న అనుమానం వచ్చింది. సంకెళ్ళలో ఉన్న మగవాళ్ళకు కొందరు పిల్లలు కత్తులు, రాళ్ళు అందించారట. ఆ పిల్లలకు ఇనుప సంకెళ్ళు వేయించి, నిజం చెప్పించడానికి బొటనవేళ్ళను ఇనుప పట్టీల మధ్య పెట్టి మర బిగించే పరికరం వాడాడు. కొంచెంగానే బిగించానని ఓడ లాగ్ పుస్తకంలో రాసుకున్నాడు. అప్పటికి తుపాను జరిగి నాలుగేళ్ళు దాటింది.

ఇవి చేస్తున్నప్పుడు మనస్సాక్షి గుచ్చలేదా? ఈ ప్రశ్నకు ఆయనే జవాబిచ్చాడు, 1764లో అచ్చువేసిన జీవిత కథలో. ఆ పని ధర్మమా కాదా అన్న సందేహమే అప్పట్లో రాలేదట. దేవుడే ఈ వృత్తిలో పెట్టాడనుకున్నాడట. మర్యాదస్తుల పనిగానే దానికి పేరు. అయితే తాను జైలు అధికారిలా ఉన్నానని అప్పుడప్పుడు అనిపించేదనీ, ఇంతకంటే దయగల పని ఏదైనా చూపించమని ప్రార్థించేవాణ్ణనీ కూడా రాశాడు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఆ ప్రార్థన చూడండి. నిజాయితీ గల ప్రార్థనే. అందులో తన ఉద్యోగం మారడం ఉంది, తన మనసుకు నెమ్మది ఉంది. చెక్కల కింద ఉన్నవాళ్ళు లేరు. ప్లాంటెయిన్ దీవిలో ఏ గొలుసుల చేతులు తనకు అన్నం పెట్టాయో, ఆ గొలుసులే ఇప్పుడు తన ఓడలో ఉన్నాయి. ఈ రెంటినీ ఆయన కలిపి చూడలేకపోయాడు. రోజూ బైబిలు చదువుతూ, రోజూ తన పాపాల కోసం ఏడుస్తూ చూడలేకపోయాడు.

మరైతే 1748 అబద్ధమా? కొందరు అలాగే అంటారు. నేను అనను. ఆ రోజు లోపలికి ఏదో వచ్చిన మాట నిజం. రాకపోతే దూషణ మానేవాడు కాడు, తన్ను తాను అలా తవ్వుకునేవాడు కాడు. కానీ మారిన వరుస చూడండి. ముందు నోరు మారింది. తర్వాత అలవాట్లు మారాయి. తర్వాత చదువు, సావాసం. చిట్టచివరికి గాని జీతం ఇచ్చే వ్యాపారం దగ్గరికి మార్పు చేరలేదు. లివర్‌పూల్ పట్టణం ఆ వ్యాపారం మీద బతికేది. ఓడల యజమానులు, భాగస్థులు ఆదివారం చర్చిలో కూర్చునేవాళ్ళే. బూతులాడితే తప్పని చెప్పేవాళ్ళు చుట్టూ ఉన్నారు. మనుషుల్ని కొనడం తప్పని చెప్పేవాళ్ళు ఆయన పరిచయాల్లో లేరు. చుట్టూ ఉన్నవాళ్ళు పాపమని ఒప్పుకున్నవి త్వరగా వదిలిపోతాయి. చుట్టూ ఉన్నవాళ్ళు మామూలే అనుకునేవి ప్రార్థనలో పేరు పెట్టుకోకుండానే ఏళ్ళకేళ్ళు ఉండిపోతాయి.

మార్కు సువార్త ఎనిమిదో అధ్యాయంలో బేత్సయిదా గుడ్డివాడు ఉన్నాడు. మిగతా ముగ్గురు సువార్తికులు ఈ సంగతి రాయలేదు. యేసు ఒక్క మాటతో చూపు ఇచ్చిన సందర్భం ఉంది. ఇతన్ని మాత్రం ఊరి బయటికి చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, కళ్ళ మీద ఉమ్మి, చేతులుంచి, ఏమైనా కనబడుతోందా అని అడిగాడు. అతను ఉన్నదున్నట్టు చెప్పాడు: మనుషులు కనబడుతున్నారు గాని చెట్లు నడుస్తున్నట్టు ఉన్నారు అని. అప్పుడు రెండోసారి చేతులుంచాడు. ఈ భాగం మీద ప్రసంగించేవాళ్ళు రెండో స్పర్శ దగ్గరికి పరిగెడతారు. నాకు మొదటి స్పర్శ తర్వాతి ఆ నిమిషమే ముఖ్యం అనిపిస్తుంది. ప్రభువు చెయ్యి పడింది. చూపు వచ్చింది. మనుషులింకా మనుషుల్లా కనబడటం లేదు. న్యూటన్ బానిసల ఓడల డెక్ మీద నిలబడింది ఆ నిమిషంలోనే, ఆరేళ్ళపాటు. గుడ్డివాడికీ ఆయనకూ తేడా ఒక్కటే. స్పష్టంగా కనబడటం లేదని గుడ్డివాడు ఒప్పుకున్నాడు.

పేతురు సంగతి కూడా ఇదే. పెంతెకొస్తు దినాన నోరు విప్పి వేలమందిని కదిలించినవాడు. ఆ తర్వాత యొప్పేలో మిద్దె మీద దర్శనం వస్తే గాని అన్యుడైన కొర్నేలీ గడప తొక్కలేదు. తొక్కాడు, భోంచేశాడు, యెరూషలేములో అందరి ముందూ సమర్థించుకున్నాడు. అంతటితో అయిపోయిందా? అంతియొకయలో యాకోబు దగ్గర్నుంచి మనుషులు వచ్చేసరికి, అన్యజనులతో కలిసి తింటున్న పంక్తిలోంచి మెల్లగా లేచిపోయాడు. పౌలు ముఖాముఖి నిలదీశాడు. గలతీ పత్రికలో ఆ గొడవ దాపరికం లేకుండా ఉంది. పరిశుద్ధాత్మ పొందిన అపొస్తలుడికి కూడా పంక్తి భోజనం దగ్గర మనసు మళ్ళీ మళ్ళీ మారవలసి వచ్చింది.

పంక్తి అన్నాక తెలుగు సంఘాల మాట ఎత్తకుండా తప్పించుకోలేను. ప్రభువు బల్ల దగ్గర మనదంతా ఒకే రొట్టె, ఒకే పాత్ర. పెళ్ళి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి ఏ రొట్టె ఎవరిదో అందరికీ గుర్తొస్తుంది. క్రైస్తవ వధూవరుల ప్రకటనలు చూడండి. రక్షణ పొందినవారు, బాప్తిస్మం తీసుకున్నవారు, ప్రార్థనాపరులు కావాలి అని రాసి, ఆ పక్కనే కులం పేరు. కట్నం సంగతి అచ్చులో ఉండదు, నోటితో మాట్లాడుకుంటారు. ఆ మాట్లాడే ముందు కూడా తల వంచి ప్రార్థన చేస్తారు. ఇవన్నీ వేషధారులు చేసే పనులైతే బాధ లేదు. నిజంగా మారినవాళ్ళు, తెల్లవారుజామున లేచి మోకరించేవాళ్ళు, సిగరెట్టు వాసన పడనివాళ్ళు చేస్తున్నారు. సినిమాకు వెళ్ళినందుకు ఒప్పుకోలు ప్రార్థన చేసేవాళ్ళను నేనెరుగుదును. కోడలి నగలు తూకం వేయించినందుకు చేసినవాళ్ళు తారసపడలేదు.

న్యూటన్ దగ్గరికి వద్దాం. ఆయన సముద్రం మానింది మనస్సాక్షి వల్ల కాదు. 1754 నవంబరులో, మరో ప్రయాణానికి అంతా సిద్ధమయ్యాక, భార్యతో టీ తాగుతూ హఠాత్తుగా స్పృహ తప్పి పడిపోయాడు. వైద్యులు వద్దంటే ఆగాడు. లివర్‌పూల్ రేవులో పన్నుల అధికారిగా చేరి, సొంతంగా గ్రీకు, హీబ్రూ నేర్చుకుని, 1764లో ఓల్నీ అనే చిన్న ఊరికి పాదిరిగా వెళ్ళాడు. లేసు అల్లి పొట్టపోసుకునే పేదల ఊరు అది.    

ఓల్నీలో న్యూటన్ మంచి కాపరి. మనోవ్యాధితో కుంగిపోయిన కవి విలియం కూపర్‌ను కంటికి రెప్పలా చూసుకున్నాడు. వారం వారం కూడికకు ఒక కీర్తన రాసేవాడు. కృప గురించిన ఆ ప్రసిద్ధ కీర్తన 'అమేజింగ్ గ్రేస్' 1773 జనవరి 1న నూతన సంవత్సర ఆరాధనకు, దినవృత్తాంతముల మొదటి గ్రంథం పదిహేడో అధ్యాయంలో దావీదు ప్రార్థన మీద ప్రసంగం కోసం తయారైంది. 1779లో కూపర్‌తో కలిసి వేసిన పుస్తకంలో అచ్చయింది. ఇవాళ మనం పాడే రాగం అప్పుడు లేదు, అది అమెరికాలో 1835లో వచ్చి కలిసింది. ఒక సంగతి గమనించండి. ఆ కీర్తన రాసేనాటికి న్యూటన్ బానిసల వ్యాపారానికి వ్యతిరేకంగా బహిరంగంగా ఒక్క మాట అనలేదు. మరో పదిహేనేళ్ళు కూడా అనలేదు. పాట ముందు వచ్చింది, కళ్ళు వెనక తెరుచుకున్నాయి. దీన్ని విని ఆ పాట పాడటం మానేయాలని ఎవరికైనా అనిపిస్తే నేను వద్దంటాను. మనం పాడే పాటల్లో మనకంటే ముందు నడుస్తున్నవే ఎక్కువ.

మరి కళ్ళు ఎలా తెరుచుకున్నాయి? ఒంటరి ప్రార్థనలో కాదని నా నమ్మకం. ఒంటరి ప్రార్థన ఆయనకు ఓడ మీద కూడా ఉంది. ఇంగ్లండులో గాలి మారుతోంది. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. 1774లో జాన్ వెస్లీ బానిసత్వం మీద ఒక పుస్తకం వేశాడు. 1785 డిసెంబరులో ఇరవై ఆరేళ్ళ పార్లమెంటు సభ్యుడు, విలియం విల్బర్‌ఫోర్స్, న్యూటన్ ఇంటికి ఎవరికీ తెలియకుండా వచ్చాడు. అప్పటికి న్యూటన్ లండన్‌లో, లాంబార్డ్ వీధి చర్చిలో ఉన్నాడు. ఆ కుర్రవాడికి కొత్తగా భక్తి కుదిరింది. రాజకీయాలు వదిలి పాదిరి కావాలా అన్నది సందేహం. వదలొద్దు, దేవుడు నిన్ను అక్కడే వాడుకోవచ్చు అని పెద్దాయన చెప్పి పంపాడు. రెండేళ్ళు తిరక్కుండా అదే కుర్రవాడు బానిసల వ్యాపారం రద్దు చేయించే పని భుజానికెత్తుకున్నాడు. సలహా ఇచ్చిన పాదిరి ముప్పై ఏళ్ళ కిందట ఆ ఓడల కెప్టెన్. ఇక మౌనంగా ఉండటానికి చోటు లేకుండా పోయింది.

1788లో 'ఆఫ్రికా బానిసల వ్యాపారం మీద ఆలోచనలు' అని చిన్న పుస్తకం వేశాడు. అప్పటికి అరవై రెండేళ్ళు, లండన్‌లో గౌరవం ఉన్న బోధకుడు. ఆయన చర్చి ఉన్నది బ్యాంకులు, వర్తకుల నడిబొడ్డున. ఇప్పుడెందుకు పాత గోల అని సలహా చెప్పేవాళ్ళకు కొదవ ఉండదు. అయినా రాశాడు. తన ఒప్పుకోలు చాలా ఆలస్యంగా వచ్చిందని తానే అన్నాడు. తల్లి ఒడిలోని బిడ్డ ఏడుపు నిద్ర చెడగొడుతోందని ఆ పసివాణ్ణి సముద్రంలోకి విసిరేసిన ఒక మేట్ సంగతి రాశాడు. ఈ వ్యాపారం దాన్ని నడిపేవాళ్ళ గుండెను మొద్దుబారుస్తుందని రాశాడు. రద్దు కోసం పనిచేస్తున్న సంఘంవాళ్ళు ఆ ప్రతుల్ని పార్లమెంటు సభ్యులకు పంచారు. 1790లో సభా సంఘం ముందు సాక్ష్యమిచ్చాడు. అక్కడ హల్లెలూయా అనేవాళ్ళు లేరు. ఎన్ని టన్నుల ఓడకు ఎంతమందిని ఎక్కించేవాళ్ళు లాంటి లెక్కలు అడిగే సభ అది. 1807 మార్చిలో బానిసల వ్యాపారాన్ని రద్దు చేసే చట్టం వచ్చింది. ఆ డిసెంబరులోనే ఆయన పోయాడు, ఎనభై రెండో ఏట.

మన కథకులైతే ఇక్కడ ఆపేస్తారు. ఒక్క సంగతి మిగిలింది. 1788 పుస్తకంలో ఆ బొటనవేలి మర ప్రస్తావన ఉంది. దాని బాధకు బానిసలు గంటల తరబడి విలవిల్లాడటం చూశానని ఉంది. చూశాడు, నిజమే. తాను బిగించినట్టు అక్కడ లేదు. అంత ధైర్యంగా ఒప్పుకున్న మనిషి, అది అచ్చువేస్తే పరువు పోతుందని తెలిసీ రాసిన మనిషి, ఆ పిల్లల దగ్గరికి వచ్చేసరికి చూసినవాడి స్థానంలో నిలబడ్డాడు. నేను దీన్ని ఎత్తిపొడుపుగా చెప్పడం లేదు. నలభై ఏళ్ళ భక్తి తర్వాత, ముప్పై అయిదేళ్ళ ఎడంలో, ఇంకా చెయ్యి పడని చోటు ఒకటి ఉందంటున్నాను. ఆనాటి పాఠకులకు అది తెలిసే వీలు లేదు. మనకు తెలుస్తోంది, ఎందుకంటే ఇరవై ఏడేళ్ళ కెప్టెన్ సొంత చేత్తో రాసిన ఆ లాగ్ పుస్తకం ఎవరి చేతుల్లోనూ చిరిగిపోకుండా మిగిలింది. 1962లో దాన్ని అచ్చువేశారు. అందులో 1752 డిసెంబరు పుట ఉన్నదున్నట్టే ఉంది.